బ్రౌజర్‌కి తెలుగు నేర్పిన పద్మ

2005 ప్రాంతంలో ఫైర్‌ఫాక్స్‌లో ఈనాడు వెబ్‌సైటు తెరిస్తే వార్తల బదులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కుప్పగా కనబడేవి. లిపులన్నిటికీ ఉమ్మడి అంకెల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. పత్రికలు మాత్రం ఎవరి ఫాంటు వాళ్ళు చేయించుకుని, ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీద తలకట్టు, కొమ్ము, ఒత్తు ముక్కల్ని కూర్చోబెట్టాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోకి ఆ ఫాంటు దానంతటదే దిగేది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళకు ఆ భాగ్యం లేదు.

ఆ చిక్కు విప్పింది నాగార్జున వెన్న రాసిన ‘పద్మ’. పేజీలోని పాత ఫాంటు తెలుగును యూనికోడ్‌లోకి మార్చేందుకు మొజిల్లా బ్రౌజర్లకు తగిలించుకునే చిన్న యాడ్-ఆన్ అది. రాసింది జావాస్క్రిప్ట్‌లో. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపం కట్టిన ఈ భాష స్వభావమే కబురు కోసం కాచుకుని ఉండటం. పేజీ దిగిందనో, మీట నొక్కారనో కబురు రావాలి. అప్పుడు లేచి తన పని ముగించి మళ్ళీ ఊరుకుంటుంది.

ఫాంటుకో పట్టిక రాసుకుని ఈ ముక్కకు ఆ అక్షరం అని మార్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఫాంటు దాచేది కంటికి కనబడే ముక్కల్ని, యూనికోడ్ దాచేది పలికే వరసను. ‘ప్ర’నే చూడండి. క్రావడి ఎడమ పక్కనుంచి చుట్టుకొస్తుంది కాబట్టి కొన్ని ఫాంట్లలో అదే ముందు, ‘ప’ తర్వాత. పలికేటప్పుడు ‘ప’ ముందు. కనక పద్మ ముక్కల్ని పోగుచేసి, ఒక అక్షరం ఎక్కడ ముగిసిందో తేల్చుకుని, వరస సరిచేసి, అప్పుడు రాయాలి. ఎవరూ మెచ్చుకోని చాకిరీ ఇది. నన్నడిగితే పద్మ గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

2006లో వీవెన్ ఈ పద్మలోని మార్పిడి కోడ్‌నే తీసుకుని, ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు చేసే ‘లేఖిని’ని వెబ్ పేజీగా అందరి ముందూ పెట్టారు. ఇక్కడ ప్రతి మీటా ఓ కబురే. పెంటపాడు అనే ఊరి పేరు రాయాలనుకోండి. చిన్న పీ నొక్కగానే కింది పెట్టెలో ‘ప్’. చిన్న ఈ చేరితే ‘పె’. పెద్ద ఎమ్‌తో ‘పెం’, పెద్ద టీతో ‘పెంట్’, చిన్న ఏ పడేసరికి పొల్లు పోయి ‘పెంట’. ఊరి పేరు పూర్తయ్యేలోగా తెరమీది మాట మీట మీటకూ మారుతూనే ఉంటుంది. ఈ అక్షరాల ఒప్పందం 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు కీబోర్డు ఉన్నా దాన్ని నేర్చుకునే ఓపిక ఎందరికుంది? తెలుగు బ్లాగులు ఊపందుకున్న ఆ రోజుల్లో చాలామంది మొదటి తెలుగు వాక్యం రాసింది లేఖినిలోనే.

2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడ్-ఆన్లన్నిటికీ తలుపు మూసేసింది. అప్పటికే పత్రికలు చాలావరకు యూనికోడ్‌కి మారాయి.

అచ్చు పని సంగతి వేరు. డీటీపీ షాపుల్లో ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి, ఆ ఫైళ్ళలోని తెలుగు ఏ వెతుకులాటకూ దొరకదు. మీ దగ్గర పాత సావనీరు, ఊరి చరిత్ర పేజ్‌మేకర్ ఫైలుగా పడి ఉంటే, దాన్ని తెరిచే కంప్యూటరు ఉన్నప్పుడే యూనికోడ్‌లోకి మార్పించండి.