ఉచితం ఆగినా సేవ ఆగకూడదు



మన సంఘాల్లో తరచు జరిగే సంగతి ఇది. స్త్రీల సమాజం వారు కానుకలు కూడబెట్టి పేద వృద్ధులకు కళ్ళజోళ్ళు పంచుతారు. అందరూ సంతోషిస్తారు. మరుసటి సంవత్సరానికి పెట్టెలో డబ్బు ఉండదు. విరిగిన జోడు మార్చేవారుండరు. కొత్తగా చూపు తగ్గినవారికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇది ప్రేమ తక్కువై జరిగింది కాదు. ఆ సేవ తన కాళ్ళ మీద తాను నిలిచే ఏర్పాటు లేకపోవడమే కారణం.

అలాంటి ఏర్పాటునే సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారు. అంటే వ్యాపారంలాగే లెక్క చూసుకుంటూ, మిగులును తిరిగి సేవకే ఖర్చుపెట్టే పని.

మదురై నేర్పిన పాఠం

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు ప్రభుత్వోద్యోగం నుండి రిటైరై, 1976లో తమ 58వ ఏట మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. కీళ్ళవాతంతో వంకర తిరిగిన వేళ్ళతోనే ఆయన లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. 2006లో కన్నుమూశారు.

ఆయన పద్ధతి సులువైనది. ఇవ్వగలవారు ఫీజు ఇస్తారు, ఇవ్వలేనివారికి ఉచితం. గదిలో, పడకలో తేడా ఉండవచ్చు గాని ఆపరేషన్‌లో తేడా లేదు. పల్లెటూరి అమ్మాయిలకు శిక్షణనిచ్చి రోగిని సిద్ధం చేసే పనులన్నీ వారికి అప్పగించారు. డాక్టరు ఒక ఆపరేషన్ ముగించేసరికి పక్క బల్ల మీద మరొకరు సిద్ధంగా ఉంటారు. అందువల్ల ఒక్కొక్క ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు తగ్గింది.

అయినా మొదట్లో ఆపరేషన్ ఉచితమని చెప్పినా చాలామంది రాలేదు. ఎందుకని అడిగితే అసలు సంగతి తెలిసింది. బస్సు చార్జీ, భోజనం, పోయే కూలి, తోడు వచ్చే మనిషి, ఇవన్నీ పేదవానికి ఖర్చులే. అప్పుడు ప్రయాణం, భోజనం కూడా ఆసుపత్రి వారే ఏర్పాటు చేశారు. రోగులు వచ్చారు.

కంట్లో అమర్చే లెన్సులు ఆ రోజుల్లో విదేశాల నుండి చాలా ఖరీదుకు వచ్చేవి. 1992లో అరోల్యాబ్ స్థాపించి ఇక్కడే తయారు చేయడంతో వాటి ధర ఎన్నో రెట్లు తగ్గింది. మన హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా చెల్లించలేనివారికి అదే నాణ్యత గల వైద్యం అందిస్తోంది.

మనం మొదలుపెట్టాలంటే

కళ్ళజోళ్ళనే ఉదాహరణగా తీసుకుందాం.

1. ముందు అడగండి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం సహజం. సూదిలో దారం ఎక్కదు, బియ్యంలో రాయి కనబడదు, బైబిలు అక్షరాలు అలుక్కుపోతాయి. ఇరవై ఇళ్ళకు వెళ్ళి వారి ఇబ్బంది ఏమిటో, ఎంత ఇవ్వగలరో తెలుసుకోండి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇస్తే వారు కోసే ఆకు సుమారు 22 శాతం పెరిగిందని 2018లో ప్రచురించిన పరిశోధన తెలిపింది.

2. చిన్నగా ప్రయత్నించండి. ఒక్క పేటలో మూడు నెలలు చాలు. పొరపాటు జరిగినా చిన్నదిగానే ఉంటుంది.

3. లెక్క వేయండి. జోడు 80 రూపాయలకు కొని 120కి అమ్మారనుకోండి. అమ్మిన సహోదరికి 15, బస్సుకు 5 పోగా 20 మిగులుతుంది. నాలుగు జోళ్ళు అమ్మితే ఒక నిరుపేదకు ఉచితంగా ఇవ్వవచ్చు.

4. పుస్తకం వేరుగా ఉంచండి. ఈ డబ్బును సంఘ కానుకలతో కలపవద్దు. ప్రతి నెలా లెక్క అందరి ముందు చదవండి.

5. హద్దు దాటవద్దు. అమ్మేవారు డాక్టర్లు కారు. శుక్లాలకు, కంటి నీటికాసులకు అద్దాలు మందు కావు. షుగరు ఉన్నవారు ఏటా కళ్ళు పరీక్ష చేయించుకోవాలి. చూపు హఠాత్తుగా తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

రెండవ రాజులు 4వ అధ్యాయంలోని విధవరాలిని జ్ఞాపకం చేసుకోండి. ఎలీషా కూడా ఆమె ఇంట్లో ఏముందో ముందుగా అడిగాడు. ఉన్నది కొంచెం నూనె. పాత్రలు ఇరుగుపొరుగు ఇచ్చారు. ఆమె నూనె అమ్మి అప్పు తీర్చింది, మిగిలినదానితో బిడ్డలను పోషించుకుంది. దేవుడు అద్భుతం చేశాడు, అయినా అమ్మడం, అప్పు తీర్చడం ఆమె పనే.

మీ స్త్రీల సమాజం ఈసారి కూడుకున్నప్పుడు మన చేతిలో ఏముంది, మన పేటలో ఎవరికి ఏ ఇబ్బంది ఉంది అని ఒక్క గంట మాట్లాడుకోండి. దేవుడు మీ ప్రయత్నాన్ని దీవించును గాక.