ఓడ మల్లయ్య మాట

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అని మనకొక సామెత ఉన్నది. చేసిన మేలు మరచేవారిని ఎత్తిపొడవడానికి పెద్దలు దానిని వాడుతూ వచ్చారు. అయితే అందులో మరొక సంగతి కూడ ఇమిడి ఉన్నది. ఏటి నడుమ ఉన్నంతసేపు మల్లయ్య మాటకు తిరుగులేదు. జాగీర్దారు కానీయండి, షట్ఛాస్త్ర పండితుడు కానీయండి, ఆ కాసేపు అతడు కూర్చోమన్న చోట కూర్చోవలసినదే. జలయానానికి సంబంధించిన శాస్త్రంలో సగం ఈ చిన్న మర్యాదలోనే ఉన్నదని నా నమ్మకం.

ఈ ప్రస్తావనకు కారణం లేకపోలేదు. మా మక్తల్ ప్రాంతపు ఉపాధ్యాయులు నలుగురు కూడినచోట ఈమధ్య ఓడల ముచ్చట ఎక్కువైనది. సెలవులు వస్తే తిరుపతికో హంపికో పోయి వచ్చేవారు కాస్తా విహారనౌకల గురించి, వాటిలోని గదుల గురించి, భోజనాల గురించి వాదులాడుకుంటున్నారు. 2022 జూన్‌లో కార్డేలియా సంస్థవారి 'ఎంప్రెస్' అనే ఓడ విశాఖ రేవునుండి ప్రయాణికులతో బయలుదేరింది. 2023లో అక్కడే విహారనౌకలకోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్‌ను ప్రారంభించారు. అప్పటినుండి వెళ్లివచ్చినవారు చెప్పడం, వెళ్లబోయేవారు వినడం, వెళ్లలేనివారు తప్పులెన్నడం జరుగుతున్నది. జొన్నచేలు, కందిచేలు, ఎర్రనేలల మెట్టసీమవారికి సముద్రంతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చు. ఓరుగల్లు కూడ మెట్టసీమలోని రాజధానియే కదా! అక్కడినుండి ఏలిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు దారితప్పిన ఓడలనుండి, పగిలిన ఓడలనుండి కొట్టుకువచ్చిన సరుకును పూర్వపురాజులు స్వాధీనపరచుకొనేవారు. న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని ఆ చక్రవర్తి వర్తకులకు మాట ఇచ్చాడు. సముద్రంమీద పోయేవాని ప్రాణభయం ఎట్టిదో సముద్రానికి దూరాన ఉన్న ప్రభువుకు తెలిసిందన్నమాట.

ప్రయాణికులు తమ అనుభవాన్ని తరువాతివారికోసం చెప్పిపెట్టడం కూడ మనకు కొత్తది కాదు. 1830లో చెన్నపట్నంనుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' ఇందుకు సాక్ష్యం. ఏ ఊళ్లో దుకాణాలున్నవి, ఎక్కడ మంచినీరు దొరుకుతుంది, ఏ దారి బండికి పనికిరాదు అనే సంగతులను ఆయన ఎంతో ఓపికగా వ్రాసిపెట్టారు. గంగమీద పడవ ప్రయాణమూ చేశారు. మా ఉపాధ్యాయుల ముచ్చటలలో ఆయన ధోరణి అప్పుడప్పుడు తొంగిచూస్తూ ఉంటుంది.

ఆ ముచ్చటలలో పనికివచ్చేవని తోచినవాటిని ఇక్కడ పొందుపరుస్తున్నాను. మొదటిది గది విషయం. కిటికీ లేని లోపలి గదికి వెల తక్కువ, సముద్రం కనబడే గదికి ఎక్కువ. పగలంతా పైఅంతస్తులో తిరిగేవారికి లోపలి గదియే చాలునని పొదుపరులు అంటారు. వెలకన్న ముఖ్యమైనది గది ఉన్న చోటు. త్రాసుకోల కొసలు ఎంత ఎగిరిపడినా దాని నడుము చోటు విడువదు. ఓడ సంగతీ అంతే. ముందుకొసన, వెనుకకొసన, మీది అంతస్తులలో ఊపు ఎక్కువ. నడిమిభాగంలో, క్రింది అంతస్తులలో తక్కువ. కడుపులో తిప్పే స్వభావం కలవారు ఈ సంగతి తెలిసి గది అడగవలె. మందు వేసుకోదలచినవారు వైద్యుని సలహాతో ఓడ కదలకముందే వేసుకోవలె. వాంతులు మొదలైన తరువాత మింగిన మాత్ర నిలవదు కదా! అటువంటప్పుడు పుస్తకం మూసి, బయటి గాలికి వచ్చి, ఆకాశమూ నీరూ కలిసే గీతమీద చూపు నిలిపితే కొంత ఉపశమనం కలుగుతుంది. అల్లంముక్క బుగ్గన పెట్టుకొమ్మనే మన ఇళ్లలోని ముసలమ్మల సలహాను ఓడలవారు కూడ కాదనరు.

రెండవది మూటాముల్లె సంగతి. పెద్ద పెట్టెలను రేవులోనే తీసుకుంటారు. అవి గదికి చేరేసరికి కొన్ని గంటలు పట్టవచ్చు. చక్కెరవ్యాధి మాత్రలు, రక్తపోటు మాత్రలు, కళ్లజోడు, గుర్తింపు కార్డు చేతిసంచిలోనే ఉండవలె. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ వంటివి ఓడలోనికి రానీయరు. టీ కాచుకొనే స్వాతంత్ర్యం కూడ లేదా అని మా మిత్రుడొకరు చాలాసేపు వాపోయారు. ఇంటికి నిప్పంటుకుంటే వీధిలోకి పరుగెత్తవచ్చు. నడిసముద్రంలో వీధి ఎక్కడిది?

ఖర్చు విషయంలో మోసపోయామని చెప్పేవారిలో చాలామంది ముందుగా చదువుకొననివారే. టిక్కెట్టులో గది, మామూలు భోజనాలు చేరి ఉంటాయి. పానీయాలు, కొన్ని ప్రత్యేక భోజనశాలలు, రేవులో దిగి ఊరు చూపే ఏర్పాట్లు వేరు లెక్క. ఓడలో నగదు చెల్లదు. గది తాళపుచెవిగా పనిచేసే కార్డుమీదనే అన్నీ వ్రాసుకొని, చివరిరోజున పద్దు చేతికిస్తారు. రోజూ ఒకసారి ఆ లెక్క అడిగి చూసుకోవడం గృహస్థధర్మం. తీరం దాటిన తరువాత సెల్‌ఫోను ఓడలోని ఉపగ్రహ సంబంధాన్ని పట్టుకుంటే బిల్లు కొండంత అవుతుంది. దానిని విమానపు స్థితిలో ఉంచి, రెండురోజులు ఊరి సంగతులు మరచిపోవడమే మేలు. రేవుపట్టణానికి ఒకరోజు ముందే చేరుకొనండి. "ఇంకో ఇద్దరు వస్తున్నరు" అంటే ఆగడానికి అది మన ఊరి బస్సు కాదు. ఓడ ఏ నెలలో ఏ రేవునుండి బయలుదేరునో ఏటేటా మారుతుంది కనుక, డబ్బు కట్టకముందే విచారించవలె.

విద్యార్థులకొక చిన్న సంగతి. 1990లో నిర్మించిన ఆ 'ఎంప్రెస్' పొడవు సుమారు 211 మీటర్లు. దాని పరిమాణం 48 వేల పైచిలుకు టన్నులని చెబుతారు. ఈ టన్ను బరువును తెలిపేది కాదు సుమా! ఓడ లోపలి చోటును బట్టి కట్టే లెక్క అది. మన పుట్టి కూడ అటువంటిదే. ఇరవై తూముల ధాన్యపు కొలతా పుట్టియే, ఏరు దాటించే గుండ్రని తెప్పా పుట్టియే.

ఇక ఈ ముచ్చటలలో అందరూ విసుక్కొనే అంశం ఒకటి ఉన్నది. ఓడ ఎక్కగానే ప్రయాణికులను సమావేశపరచి, ప్రాణరక్షక కవచాన్ని ఎట్లా తొడుక్కోవలెనో, అపాయం వస్తే ఎక్కడికి చేరవలెనో చెబుతారు. ఏడు పొట్టి కూతలు, ఆ వెనుక ఒక దీర్ఘమైన కూత వినబడితే అది అపాయసూచన. "డబ్బిచ్చి సెలవులకు పోతే అక్కడా డ్రిల్లేనా?" అని మా వ్యాయామోపాధ్యాయులవారే గొణిగారు! ఆ డ్రిల్లు వెనుక ఉన్న కథ తెలిస్తే ఆ మాట అనరు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు అందులో ఉన్నవారందరికీ సరిపోయే రక్షకపడవలు లేవు. ఆ విపత్తు తరువాత 1914లో సముద్రయాన భద్రతకై దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నవి. అయినా చాలాకాలం, ఎక్కిన 24 గంటలలోగా డ్రిల్లు జరిపితే చాలునన్న వెసులుబాటు ఉండేది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే విహారనౌక బండరాయిని ఒరుసుకొని ప్రక్కకు ఒరిగింది. 32 మంది మరణించారు. ఆనాడే ఎక్కిన వందలాది ప్రయాణికులకు అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. 2015నుండి ఆ వెసులుబాటు తీసివేసి, ఓడ బయలుదేరకముందు గాని బయలుదేరిన వెంటనే గాని డ్రిల్లు జరిపితీరవలెనని నియమం పెట్టారు. అంతటి లోహసౌధంలో కూడ మల్లయ్య మాటయే చెల్లుతుందన్నమాట.

మన ముంగిటి నీటికి వద్దాం. భీమానది కలిసే తంగడి వద్ద కృష్ణవేణి తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడినుండి దిగువకు, మక్తల్ మండలంలోని పంచదేవ్‌పహాడ్ ఒడ్డున నిలిస్తే, నది నడిమి దీవిలో శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమైన కురువపురం కనబడుతుంది. భక్తులు అక్కడికి పుట్టిలో దాటడం తరతరాల వాడుక. వెదురుబద్దల అల్లిక, దానిపై నీరు చొరని తొడుగు, ఒకే తెడ్డు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఆనెగొంది వద్ద తుంగభద్రమీద ఇటువంటివాటినే చూశాడు. అప్పుడు తొడుగు తోలుది. పదిహేను ఇరవైమంది పట్టేవారనీ, నేరుగా పోలేక ఎప్పుడూ గిర్రున తిరుగుతూ పోయేవనీ వ్రాశాడు. ఆ తిరగడం నేటికీ మానలేదు. మొదటిసారి ఎక్కినవారు భయపడి లేచి నిలబడతారు. అప్పుడు పుట్టి నడిపే ఆయన కేకవేస్తాడు: "నిలబడకుండ్రి సారూ, నడుమ గూసోండ్రి. బరువు ఒక్క పక్కకు పోతె పుట్టి మాట ఇనదు." గురుత్వకేంద్రాన్ని గురించి మా భౌతికశాస్త్ర ఉపన్యాసకులు ఒక పీరియడంతా చెప్పేదానిని అతడు ఒక్క ముక్కలో చెబుతాడు. వరదరోజులలో అతడు పుట్టి వేయనంటే బతిమాలే భక్తులను నేను చూశాను. పది రూపాయలు ఎక్కువ ఇస్తామంటారు. నది ఆ పదిరూపాయల బేరం వినదు.

సముద్రం దాకా పోలేని ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నేను సిఫారసు చేసేది కృష్ణమీది లాంచీయే. కొల్లాపూర్ దగ్గరి సోమశిలనుండి శ్రీశైలానికి, నాగార్జునసాగరంనుండి శ్రీశైలానికి పర్యాటకశాఖవారు లాంచీలు నడుపుతారు. జలాశయంలో నీరు చాలినంత ఉన్నప్పుడే ఇవి నడుస్తాయి కనుక, వానకాలం వెనుకబట్టిన తరువాతి నెలలు అనుకూలం. పగటివేళలో పెద్దభాగం పడుతుంది. ఇరువైపుల నల్లమల కొండలు నీటిలోకి దిగివస్తాయి. సోమశిలవద్ద విద్యార్థులకు చెప్పవలసిన కథ ఉన్నది. శ్రీశైలం ఆనకట్టవల్ల మునగబోయిన పురాతన దేవాలయాలను రాయి రాయి విప్పి, అంకెలు వేసి, మెరకకు తెచ్చి మరల నిలబెట్టారు. తరలించని సంగమేశ్వరాలయం నీరు తగ్గిన వేసవిలో బయటపడి, వానలతో మరల మునుగుతుంది. సాగరం వైపునుండి పోయేవారు నాగార్జునకొండ మ్యూజియంకోసం వేరొక రోజు ఉంచుకోవలె. ఒకే రోజున రెండూ చూద్దామనే అత్యాశ పిల్లలను అలసటపాలు చేయడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

అయితే ఇదే నీటిమీద, 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి సుమారు 60 మంది జలసమాధి అయ్యారు. అవతలి ఒడ్డునుండి జాతరకు వస్తున్న సామాన్యజనం వారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో ఉన్నవారు 77 మంది, బ్రతికినవారు 26 మంది. మృతులలో మన తెలంగాణనుండి విహారానికి పోయినవారు పలువురు. అక్టోబరు 22న బోటును బయటికి తీశారు. సముద్రమంటే భయపడి, నదియే క్షేమమనుకొనేవారు ఈ లెక్కను ఒకసారి తలచుకోవలె. విహారనౌకలో డ్రిల్లుకు రాకపోతే పేరు పెట్టి పిలుస్తారు. మన లాంచీలలో కవచం ఉక్కపోతగా ఉన్నదని విప్పి ప్రక్కన పెట్టేవారిని అడిగేవారు అరుదు. ఫోటోకోసం అందరూ ఒకే ప్రక్కకు పరుగెత్తుతారు. ఎక్కేముందు "ఎందరికి అనుమతి, ఎందరు ఎక్కారు?" అని అడిగిన ఉపాధ్యాయుణ్ణి చాదస్తుడంటారు. ఆ చాదస్తం లేని ఉపాధ్యాయునికి పిల్లలను అప్పగించడానికి నేనైతే ఒప్పుకోను.

మా విద్యార్థులను సోమశిలకు తీసుకుపోదామన్న ఆలోచన ఇప్పుడు సాగుతున్నది. తల్లిదండ్రుల అంగీకారపత్రాలు, భోజనాల ఏర్పాటు ఇతర అధ్యాపకులు చూస్తున్నారు. నాకు అప్పగించినది పేర్ల జాబితా. దానిని రెండు ప్రతులు వ్రాస్తున్నాను. ఒకటి నాతో లాంచీలోకి వస్తుంది. రెండవది ఒడ్డున ఉండిపోయే మనిషి చేతిలో ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒకసారి, శ్రీశైలంలో దిగేటప్పుడు ఒకసారి తలలు లెక్కించి, అంకె సరిపోయిన తరువాతనే అతనికి ఫోను చేస్తాను. కవచం తొడుక్కొననివారి పేరు లాంచీ కదలకముందే జాబితాలోంచి కొట్టివేస్తానని తరగతిలో చెప్పాను. వెనుక బల్లనుండి ఒక అమ్మాయి లేచి, "మరి మీరు తొడుక్కుంటరా సార్?" అని అడిగింది. నా నడుము కొలతకు సరిపడేది ఉన్నదో లేదో విచారించమని సోమశిలలోని లాంచీవారికి కబురు పంపాను.