కిడ్నీకి గుండె కబురు

గోదావరిలో మెడలోతున కాసేపు నిలబడితే ఒంటికి వస్తుంది. నది ఒడ్డున పెరిగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ‘చలికిలే’ అనేస్తారు పెద్దవాళ్లు. కానీ గోరువెచ్చని నీళ్లలోనూ ఇంతే. చుట్టూ ఉన్న నీరు కాళ్లలోని రక్తాన్ని ఛాతీ వైపు నెడుతుంది. గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో నీరెక్కువైందనుకుని, ‘కాస్త వదిలెయ్యండి’ అని గుండె కిడ్నీలకు కబురు పెడుతుంది.

ఆ కబురు ఒక హార్మోను. గుండె హార్మోన్లు తయారుచేయడమేమిటని ఒకప్పుడు డాక్టర్లూ అనుకున్నారు. 1950ల్లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పైగదుల కణాల్లో నల్లని గింజల్లాంటివి కనిపించాయి. గ్రంథుల్లో ఉండాల్సిన సరుకు పంపులో ఎందుకుందో ఎవరికీ అంతుపట్టలేదు. అర్జెంటీనాలో పుట్టి కెనడాలోని కింగ్‌స్టన్‌లో పనిచేస్తున్న అడాల్ఫో డి బోల్డ్ ఆ గింజల్ని వదల్లేదు. ఎలుకల గుండె పైగదుల్ని నూరి, ఆ రసాన్ని వేరే ఎలుకల నరంలోకి ఎక్కించాడు. మూత్రం పది రెట్లు పెరిగింది. అందులో పోయిన సోడియం 30 రెట్లు దాటింది. బీపీ దిగింది. కింది గదుల రసంతో ఇవేవీ జరగలేదు. 1981లో అచ్చయిన ఈ ప్రయోగానికి కావలసిన సరంజామా చూస్తే ముచ్చటేస్తుంది: ఎలుకలు, కల్వం లాంటి పరికరం, ఓపిక.

ఆ రసంలోని పదార్థమే ఏఎన్‌పీ. 1988లో జపాన్‌వాళ్లు పంది మెదడులో దాని తోబుట్టువును పట్టుకుని బీఎన్‌పీ అన్నారు. ‘బి’ అంటే బ్రెయిన్. తీరా చూస్తే అది ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదుల్లో. పేరు మాత్రం మారలేదు.

ఇవి కిడ్నీ వడపోత పెంచుతాయి, ఉప్పును తిరిగి పీల్చుకోనివ్వవు. ఉప్పు వెంట నీరూ పోతుంది. రక్తనాళాలు వదులవుతాయి. మరి ఇంత మంచి ఏర్పాటుండగా మనకు బీపీ ఎందుకు? ఎదుటి పక్షం ఒకటుంది. రెనిన్, ఆల్డోస్టిరాన్ జట్టు ‘ఉప్పును పట్టుకో’ అంటుంది. ఉప్పు దొరకడమే గగనమైన కాలంలో ఆ జట్టే ప్రాణాలు నిలిపింది. రోజూ ఆవకాయ, అప్పడం తినే మనకు అదే బరువైంది.

ఆయాసంతో ఆస్పత్రికి వెళ్తే రాసే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పరీక్ష కొలిచేది బీఎన్‌పీ తయారైనప్పుడు విడిపోయే తునకనే. రిపోర్టులో అంకె వేలల్లో ఉందని మా అత్తయ్యకు చెబితే, ‘మంచి హార్మోనే అన్నావుగా, ఎక్కువుంటే భయమెందుకురా?’ అంది. ప్రశ్న న్యాయమైనదే. నీరసించిన గుండె సాగిసాగి కబురు మీద కబురు పంపుతుంది. కిడ్నీలు విని విని మొద్దుబారతాయి. ఆ అంకె గుండె పెట్టే కేక ఎంత గట్టిదో చెబుతుందన్నమాట. అయితే వయసు, కిడ్నీ జబ్బు కూడా దాన్ని పెంచుతాయి. లావుగా ఉన్నవాళ్లలో అది తక్కువగా కనబడుతుంది. కాబట్టి అంకె చూసి ఇంట్లోనే తీర్పు చెప్పుకోకూడదు.

ఈ కబుర్లను మధ్యలోనే చింపేసే ఎంజైము నెప్రిలైసిన్. దాన్ని ఆపే సాకుబిట్రిల్‌ను బీపీ మందు వల్సార్టాన్‌తో కలిపి, గుండె బలహీనపడిన 8,442 మందిపై పాత మందు ఎనాలాప్రిల్‌తో పోల్చి చూశారు. 2014లో ఫలితాలొచ్చాయి: గుండె జబ్బుతో మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిపాలయ్యే ముప్పు ఐదో వంతు తగ్గింది. ఈ మాత్ర వాడేవాళ్లకు డాక్టర్లు బీఎన్‌పీ కాక ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీయే రాయడానికీ కారణం ఆ ఎంజైమే. నెప్రిలైసిన్ ఆగితే బీఎన్‌పీ దానంతటదే పెరుగుతుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని ఆ ఎంజైము ముట్టుకోదు.