మీకు తెలుసా? ఫోన్ తెర మీద పుండు పాఠం!

మంచం పట్టినవారికి నడుము కింద, మడమల దగ్గర ఏర్పడే పుండ్లకు (బెడ్‌సోర్లకు) ప్రధానంగా నాలుగు దశలు ఉంటాయి. మొదటి దశలో చర్మం చిట్లదు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. చామనఛాయ చర్మంపై అది తేలిగ్గా కనబడదు కూడా. నాలుగో దశలో ఎముక సైతం బయటపడవచ్చు.

ఈ దశలన్నీ నర్సింగ్ విద్యార్థులకు ఒకే వార్డులో ఎదురుకావు. ఆ లోటు తీర్చడానికి ఆగ్‌మెంటెడ్ రియాలిటీ పనికొస్తుంది. శిక్షణ బొమ్మకు అతికించిన గుర్తు వైపు ఫోన్ కెమెరా పెడితే, తెర మీద అక్కడే పుండు త్రీడీలో కనిపిస్తుంది. లోతు, అంచులు, చీము అన్నీ చుట్టూ తిరిగి పరిశీలించవచ్చు. పొరపాటు చేసినా ఎవరికీ నొప్పి ఉండదు.

అయితే పుండు వాసన, చర్మం వెచ్చదనం తెర చెప్పలేదు. అవి రోగి పక్కన నిలబడి నేర్చుకోవాల్సినవే.