పాత గ్రామఫోను రికార్డుల వేట

పద్యపఠనపు పోటీ జరిగినప్పుడెల్ల మాకొక చింత కలుగుచుండును. పిల్లలు పద్యమును చక్కగా కంఠస్థము చేయుదురు. కాని ‘ధర్మము’ వారి నోట ‘దర్మము’ అగును, ‘భారతము’ ‘బారతము’ అగును. ఇది వారి దోషము కాదు. వీథిలో తమిళము, తరగతిలో తెలుగు. ఒత్తక్షరము నిండుగా పలికెడి గొంతు వారి చెవిని పడుట అరుదు. అందుచేత కొంతకాలముగా మేము సెలవు దినములలో పాతసామానుల అంగళ్లు తిరిగి తెలుగు గ్రామఫోను రికార్డులను వెదకుచున్నాము.

ఈ వేటకు చెన్నపురికి మించిన తావు లేదు. తెలుగు చలనచిత్రములు చిరకాలము ఇచ్చటనే నిర్మింపబడినవి. తెలుగు గాయకులు, నటులు ఇచ్చటనే కాపురముండిరి. వారి పాటలు, నాటక పద్యములు మన పెద్దల యిండ్లలో మ్రోగినవి. పిదప ఆ రికార్డులు అటకల కెక్కినవి. అటనుండి మనవారు ‘కాయలాన్ కడ’ యని పిలుచు పాత ఇనుప అంగళ్లకు చేరినవి.

సెంట్రలు స్టేషను ప్రక్కనుండిన మూర్ మార్కెట్టును పెద్దలు మరచియుండరు. పాత పుస్తకములకు, రికార్డులకు అది పుట్టినిల్లు. 1985లో అది అగ్నికి ఆహుతియైనది. ఆ స్థలమున నేడు సబర్బన్ రైళ్లు ఆగుచున్నవి. అంగళ్లు చెదరిపోయినవి గనుక ఇప్పుడు కాళ్లకు శ్రమ హెచ్చు.

కొనువారు మొదట రికార్డు జాతి తెలిసికొనవలెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాతవి లక్కతో చేయబడినవి. బరువైనవి, చేజారిన పగులును. ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పాడును. 1948లో అమెరికాలో వెలువడిన లాంగు ప్లే రికార్డు వినైలుతో చేయబడినది. అది 33 చుట్లకు కొంచెము మించి తిరుగును. దీని గాడి సన్నము. తాళము త్రిప్పెడి పాతయంత్రముపై దీనిని పెట్టిన ఆ ఉక్కుసూది గాడిని దున్నివేయును. లక్క రికార్డును సారాయితో తుడువరాదు, లక్క కరగును. రికార్డును వెలుతురున కేటవాలుగా పట్టిన గీతలు కనబడును. కంటి కెదురుగా అంచు నిలిపి చూచిన వంకర తెలియును. ఇంకొక మాట: కావలసిన పేరు కనబడగానే మొగము వికసింపనీయరాదు, ధర తక్షణమే పెరుగును!

అట్టను నమ్మరాదని మేము అవమానపడి నేర్చుకొంటిమి. ఒక అంగడిలో ఘంటసాలవారి భగవద్గీత అట్ట చూచి, లోపల చూడకయే కొని తెచ్చి, పిల్లలను వరుసగా కూర్చుండబెట్టితిమి. వినవచ్చినది హిందీ ప్రణయగీతము. పిల్లల యానందము చెప్పనలవి కాదు.

పిమ్మట దొరికిన ‘పుష్పవిలాపము’ ఆ కొరత తీర్చినది. కరుణశ్రీగారి పద్యములను ఘంటసాలవారు పాడగా విని, ఏడవ తరగతి బాలిక యొకతె, “అయ్యవారూ, ఆ అక్షరము మరల వినిపింపుడు” అని యడిగినది. సూదిని నాలుగు మారులు వెనుకకు తెచ్చితిమి. అయిదవ మారు ఆమెయే పలికినది.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము. అటక దులిపి పాతసామానుల వానిని పిలుచుటకు ముందు రికార్డుల లేబిళ్లను ఒక్కమారు చదువుడు. తెలుగువి యున్న పాఠశాలకు పంపుడు. మీకు మమకారమున్న వినిపించి తిరిగి యిత్తుము. లక్క రికార్డులకు ప్రతి ప్రక్కకును కొత్తసూది వేయవలెను, మా యొద్ద నవి తరిగిపోయినవి. ఆ అటకమీదనే సూదుల డబ్బా యేదైన నున్నదేమో దయచేసి చూడుడు.