పాత ఐపాడ్ ఆన్ కావట్లేదా? రీస్టోర్ కొట్టే ముందు పాటలు కాపాడుకోండి.. ఇలా చేయండి!

ఫోన్‌లో వేలు పెడితే చాలు, ఏ పాటైనా వినిపించే రోజులివి. అయినా బీరువా అరలో పాత ఐపాడ్ దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో చుట్టాలు తెచ్చిచ్చినవి కొన్ని. బెంగళూరులో చదువుకునే రోజుల్లో కొనుక్కున్నవి కొన్ని. ఆదోని, ఎమ్మిగనూరు పక్కన మాధవరం లాంటి ఊళ్లలో అయితే వాటిలో సినిమా పాటలే కాదు.. గుడి దగ్గర పాడిన భజనలు, హరికథలు, ఇంటి పెద్దల గొంతులు కూడా ఉండొచ్చు. అవి ఏ మ్యూజిక్ యాప్‌లోనూ దొరకవు. అందుకే మెషీన్ మొరాయించినప్పుడు కంగారులో ఏది పడితే అది నొక్కొద్దు. ముందు ఏం చేయాలి, ఏం చేయకూడదో చూద్దాం.

లోపల ఏముంది?

యాపిల్ తొలి ఐపాడ్‌ను 2001 అక్టోబర్ 23న పరిచయం చేసింది. దాని లోపల ఉన్నది 5 జీబీ హార్డ్ డిస్క్, సైజు 1.8 అంగుళాలు. తర్వాత వచ్చిన ఐపాడ్ క్లాసిక్‌లో ఇది 160 జీబీ దాకా పెరిగింది. 2014 సెప్టెంబర్‌లో క్లాసిక్ అమ్మకాలు ఆపేశారు. అంటే మీ చేతిలో ఉన్నది ఎంత కొత్తదైనా పదేళ్లు దాటిన మెషీనే.

నానో, షఫుల్, టచ్ మోడళ్లలో తిరిగే డిస్క్ ఉండదు. క్లాసిక్, మినీ, మైక్రోసాఫ్ట్ జ్యూన్ 30 లాంటి వాటిలో ఉంటుంది. అనుమానంగా ఉంటే పాట పెట్టి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా తిరుగుతున్న చప్పుడు వస్తే హార్డ్ డిస్క్ ఉన్నట్టే.

ఈ డిస్క్ పాట వస్తున్నంతసేపూ తిరగదు. కాసేపు తిరిగి, రాబోయే పాటల్ని మెమరీలోకి లాక్కుని ఆగిపోతుంది. బ్యాటరీ మిగిలేది అందుకే. మీరు పాట పాటకీ నెక్స్ట్ కొడుతూ పోతే డిస్క్ మళ్లీ మళ్లీ తిరగాలి, చార్జింగ్ తొందరగా దిగిపోతుంది.

స్క్రీన్ ఆగిపోతే..

ముందు పైన ఉన్న హోల్డ్ స్విచ్ చూడండి. చాలాసార్లు అదే ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఒకసారి ఆన్ చేసి, ఆఫ్ చేయండి. తర్వాత క్లాసిక్‌లో మెనూ బటన్, మధ్య బటన్ రెండూ కలిపి 6 నుంచి 8 సెకన్లు నొక్కి పట్టుకోండి. యాపిల్ లోగో వస్తుంది. ఇది రీసెట్. దీనివల్ల పాటలు పోవు, భయం అక్కర్లేదు.

అసలు ఆన్ కాకపోతే..

ఏళ్ల తరబడి వాడని బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటుంది. గోడ ప్లగ్గుకు పెట్టి అరగంట వదిలేయండి. ఆ తర్వాతే రీసెట్ ట్రై చేయండి. క్లాసిక్ ఫుల్ చార్జ్ కావడానికి దాదాపు 4 గంటలు పడుతుంది. కేబుల్ కూడా చూసుకోండి.. దీనికి కావాల్సింది వెడల్పాటి 30 పిన్ కేబుల్, ఇప్పటి ఫోన్ల కేబుల్ పట్టదు. మెషీన్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ పెట్టొద్దు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కడం ప్రమాదం.

పాట మధ్యలో తెగుతోందా?

ఇక్కడ చిన్న పరీక్ష ఉంది. ప్రతిసారీ అదే పాట, అదే చోట ఆగితే ఆ ఫైల్ పాడైనట్టు. ఒక్కోసారి ఒక్కో పాట దగ్గర ఆగుతుంటే డిస్క్ మీద అనుమానపడాలి. ఒక చెవిలోనే వినిపిస్తుంటే ముందు వేరే ఇయర్‌ఫోన్స్ పెట్టి చూడండి. జాక్‌లో దూది, దుమ్ము ఉన్నా ఇలాగే అవుతుంది.

కంప్యూటర్ గుర్తుపట్టకపోతే..

కేబుల్ మార్చండి, పోర్ట్ మార్చండి. అయినా రాకపోతే రీసెట్ చేసి, లోగో రాగానే మధ్య బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకోండి. డిస్క్ మోడ్ వస్తుంది. అప్పుడు పెన్‌డ్రైవ్‌లా కనిపించే అవకాశం ఉంది.

అసలు జాగ్రత్త ఇక్కడే. ‘ఫార్మాట్ చేయాలా?’ అని విండోస్ అడిగితే ఓకే కొట్టొద్దు. మ్యాక్‌లో సెట్ చేసిన ఐపాడ్‌ను విండోస్ చదవలేక అలా అడుగుతుంది, పాటలు లోపల భద్రంగానే ఉంటాయి. కొత్త కంప్యూటర్‌లో ఐట్యూన్స్ ‘ఎరేజ్ అండ్ సింక్’ అని అడిగినా అంతే, క్యాన్సిల్ చేయండి. ఇక రీస్టోర్ అంటే అన్నీ చెరిపేసి మళ్లీ కొత్తగా మొదలుపెట్టడం. అది ఆఖరి మెట్టు, మొదటిది కాదు.

పాటలు బయటికి తీయడం ఎలా?

ఐపాడ్ డ్రైవ్ తెరిచి, విండోస్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ‘హిడెన్ ఐటమ్స్’ ఆన్ చేయండి. ‘ఐపాడ్ కంట్రోల్’ ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో ‘మ్యూజిక్’ ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. ఫైళ్లకు అర్థం లేని నాలుగక్షరాల పేర్లుంటాయి, కంగారు పడొద్దు. ముందే పేర్లు పెట్టి ఉంటే ప్లేయర్‌లో వేయగానే అసలు పేర్లు కనిపిస్తాయి. కాపీ అయ్యాక నాలుగైదు పాటలు విని చూడండి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఆ తర్వాతే రీస్టోర్ గురించి ఆలోచించండి.

టిక్.. టిక్.. శబ్దం వస్తే?

ఇది మంచి సూచన కాదు. డిస్క్ లోపలి భాగం చదవాల్సిన చోటును అందుకోలేక కొట్టుకుంటోందని అర్థం. ఆన్, ఆఫ్ చేస్తూ పోతే ఇంకా పాడవుతుంది. చేత్తో తట్టడం, కదపడం అసలే వద్దు. రికార్డింగులు ముఖ్యమైతే వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించండి. రేటు ముందే అడగండి. ఏ షాపులో ఇచ్చినా ‘లోపల డేటా కావాలి, ఫార్మాట్ చేయొద్దు’ అని గట్టిగా చెప్పండి. డేటా చేతికొచ్చాక డిస్క్ తీసేసి మెమరీ కార్డ్ అడాప్టర్ పెట్టించుకునే మార్గం కూడా ఉంది.

మన ఎండలతో జాగ్రత్త!

ఐపాడ్ వాడాల్సిన వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య అని యాపిల్ చెబుతోంది. మన కర్నూలు జిల్లాలో ఎండాకాలం 40 దాటుతుంది. బైక్ ట్యాంక్ కవర్‌లో, కారు డాష్‌బోర్డ్ మీద, రేకుల షెడ్డులో వదిలేయొద్దు. గుంతల రోడ్డు మీద బైక్ నడుపుతూ పాటలు మార్చడం కూడా మానండి. తిరుగుతున్న డిస్క్‌కు కుదుపే పెద్ద శత్రువు.

కొన్నిసార్లు తప్పు మెషీన్ భాగాలది కూడా కాదు. 2008 డిసెంబర్ 31న జ్యూన్ 30 ప్లేయర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. లీపు సంవత్సరం ఆఖరి రోజును లెక్కపెట్టడంలో వచ్చిన సాఫ్ట్‌వేర్ లోపం అది. బ్యాటరీ పూర్తిగా దిగనిచ్చి, మర్నాడు మళ్లీ చార్జ్ చేస్తే అవి మామూలుగా పనిచేశాయి.

సో.. మీ దగ్గర పాత ఐపాడ్ ఉంటే, పనిచేస్తున్నప్పుడే కాపీ తీసి పెట్టుకోండి. పోయిన సినిమా పాట మళ్లీ దొరుకుతుంది. తాత పాడిన తత్వం దొరకదు.