నాబ్ బిగుసుకుంటే ఎంతవరకు విప్పొచ్చు?

గ్యాస్ పొయ్యి నాబ్ తిరగడం లేదంటే చాలామంది కటింగ్ ప్లేయర్ అందుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. బలంగా తిప్పితే నాబ్ పగులుతుంది, లేదా లోపలి కాడ వంగుతుంది.

ముందు సరిగా తిరిగే మరో బర్నర్ వెలిగించి, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయండి. పైపులో మిగిలిన గ్యాస్ మండిపోయి మంట దానంతటదే ఆరిపోతుంది. అప్పుడు ఆ బర్నర్ నాబ్‌ను ఆఫ్‌కు తిప్పి, పొయ్యి చల్లారాక బిగుసుకున్న నాబ్‌ను నిటారుగా బయటికి లాగండి. చాలా పొయ్యిలకు అక్కడ స్క్రూ ఉండదు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, నాబ్ వెనకాల పేరుకున్న జిడ్డు తీసి, పూర్తిగా ఆరనివ్వండి. నాబ్ తిరుగుతున్నా మంట మారకపోతే దాని రంధ్రం అరిగిందని అర్థం. కాడకు ఒక పక్క చదునుగా ఉంటుంది కాబట్టి, కొత్తది కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. నొక్కకుండానే తిరిగిపోతోందా? స్ప్రింగ్ పోయింది. చిన్నపిల్లలున్న ఇంట్లో దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

నాబ్ తీసినా కాడ బిగుతుగానే ఉంటే లోపం వాల్వులో ఉంది. లోపల శంకువులాంటి ఇత్తడి ముక్క ఉంటుంది. నాబ్‌ను 90 డిగ్రీలు తిప్పితే దాని పెద్ద రంధ్రం ఎదురొచ్చి పెద్దమంట, ఇంకా తిప్పితే చిన్న రంధ్రం ఎదురొచ్చి సిమ్. ఆ ముక్క చుట్టూ ఉన్న పల్చటి గ్రీజు పొరే సులువుగా తిరగనిస్తుంది, గ్యాస్‌ను కూడా ఆపుతుంది. వేడికి అది ఎండిపోతుంది. వంటనూనె పోస్తే రెండు రోజులు బాగున్నట్టే ఉండి, తర్వాత బంకలా పట్టేస్తుంది. పైగా ఏ ముక్క దాని గూటికే సరిపోయేలా నూరి ఉంటుంది. రెండు బర్నర్లవి తారుమారైతే లీకే. అందుకే వాల్వు విప్పడం మెకానిక్‌కే వదలాలంటాను.

ఇంత జాగ్రత్త ఎందుకో లెక్క వేసి చూడండి. గాలిలో ఎల్పీజీ దాదాపు 2 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వంటగదికి అది సుమారు 600 గ్రాములు. నిండు సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేలమట్టానే పేరుకుంటుంది కాబట్టి అంతకన్నా తక్కువే ప్రమాదం తేగలదు.

బిగించాక నాబ్‌లన్నీ ఆఫ్‌లో పెట్టి, రెగ్యులేటర్ తెరిచి, కాడ మొదట్లో, పైపు అతుకుల దగ్గర సబ్బునురగ రాయండి. బుడగలొస్తే లీకు. అగ్గిపుల్లతో పరీక్షించొద్దు. అదే చేత్తో సురక్ష పైపు మీది తేదీ కూడా చూడండి, 5 ఏళ్లు దాటితే మార్చాల్సిందే. వాసనొస్తే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, ఏ స్విచ్చూ వేయకుండా, ఆర్పకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.